ముందు పడటం నేర్పిన మాస్టారు

జూడో క్లాసులో చేర్పించిన కొడుకునో కూతురినో చూద్దామని మొదటి వారం వెళ్లిన తల్లిదండ్రులు కాస్త నిరాశగా తిరిగొస్తారు. అక్కడ పట్లు లేవు, ఎత్తి పడేయడాలు లేవు. పిల్లలు వరసగా నిలబడి పరుపుల మీద వెనక్కి పడుతుంటారు, లేస్తుంటారు, మళ్లీ పడుతుంటారు. ఫీజు కట్టింది దీనికా అనిపిస్తుంది. దీనికే. జూడోలో మొదటి పాఠం పడటం. ఆ పాఠాన్ని ముందు పెట్టినాయన జపాన్‌కు చెందిన జిగొరో కానో.

ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూసే డాక్టరుకు కుస్తీపట్ల గొడవెందుకని మీరు అడగొచ్చు. మా వార్డుకు వచ్చే పెద్దవాళ్లలో చాలామంది కథ జ్వరంతోనో ఆయాసంతోనో మొదలవదు, పడటంతో మొదలవుతుంది. బాత్‌రూమ్‌లో కాలు జారుతుంది. లేదా రాత్రిపూట మంచం దిగుతూ తూలుతారు. తుంటి ఎముక విరుగుతుంది, మంచాన పడతారు, ఆ మంచంలోనే నెమ్ము చేరుతుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. పిల్లలకు నడక నేర్పుతాం, ఈత నేర్పుతాం, సైకిల్ నేర్పుతాం. పడటం మాత్రం ఎవరూ నేర్పరు. నేర్పాలని పట్టుబట్టిన ఒకాయన జీవితం మీరు తెలుసుకోవాలి.

కానో 1860లో కోబె దగ్గర మికాగె అనే ఊళ్లో పుట్టారు. అక్కడ బియ్యంతో చేసే సాకె సారాయికి పేరు, వీళ్లదీ ఆ వ్యాపారమున్న కుటుంబమే. చిన్నతనంలోనే తల్లి పోయింది. 1871లో తండ్రితోపాటు టోక్యో చేరారు. పద్నాలుగేళ్లప్పుడు ఇంగ్లిష్, జర్మన్ బాగా వస్తాయని హాస్టల్ ఉన్న బడిలో వేశారు. చదువులో ముందుండే పొట్టి కుర్రాడు హాస్టల్లో ఎలాంటి బాధలు పడతాడో మీకు తెలియనిది కాదు. పెద్ద పిల్లలు కొట్టేవారు, ఈడ్చేవారు. యవ్వనంలో అడుగుపెట్టే నాటికి కానో ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు. అంటే బీఎంఐ 16.4. ఇప్పుడైతే బరువు బాగా తక్కువని చీటీ రాసి, రక్తపరీక్షలకు పంపేవాళ్లం. ఆ కుర్రాడు మాత్రం బలహీనుడు బలవంతుణ్ని నిలువరించే విద్య ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాడు.

ఉంది, దాని పేరు జుజుత్సు. కానీ అప్పటికి దానికి గడ్డురోజులు. 1868 తర్వాత జపాన్ పాశ్చాత్య దేశాల దారి పట్టింది, సమురాయ్‌ల కాలం ముగిసింది, వాళ్ల విద్యలు పాతచింతకాయ పచ్చడైపోయాయి. చాలామంది గురువులు నేర్పడం మానేశారు. వాళ్లను పట్టుకోవడానికి కానో వేసిన ఎత్తు నాకు భలే నచ్చుతుంది. ఎముకలు కట్టే వైద్యుల కోసం ఊరంతా గాలించాడు. మనకు పుత్తూరు కట్టు ఎలాగో వాళ్లకు ఆ వైద్యం అలాంటిది. కీలు తప్పించే పట్టు తెలిసినవాడికి ఆ కీలు తిరిగి కూర్చోబెట్టడమూ తెలుస్తుంది. శిష్యులు కరువైన గురువులు చాలామంది ఆ పనితోనే పొట్టపోసుకుంటున్నారు. అలా తిరగ్గా తిరగ్గా 1877లో ఫుకుదా హాచినోసుకె అనే వైద్యుడు దొరికాడు. ఆయన వైద్యం చేసే చోటికి ఆనుకొని పది చాపలు పట్టే గది ఉంది. అదే వ్యాయామశాల.

ఫుకుదా మాటల మనిషి కాదు. ఒక పట్టు ఎలా వేయాలని కానో అడిగితే లాగి పడేసేవాడు. కాలు ఎక్కడ పెట్టాలని అడిగితే మళ్లీ పడేసేవాడు. ఒళ్లంతా కమిలి, మందుపట్టీలతో హాస్టల్‌కు వస్తే తోటివాళ్లు ఆ వాసనకు నవ్వుకునేవారు. అప్పట్లో గురువులందరి పద్ధతీ అదే. శరీరానికి తగిలితేనే బుర్రకెక్కుతుందని నమ్మేవారు. కానో అంతా సహించాడు, కానీ అడగడం మానలేదు. నేర్చుకున్నది నోటుపుస్తకాల్లో, అదీ ఇంగ్లిష్‌లో, రాసుకునేవాడు. తర్వాత ఆయన గొప్ప ఉపాధ్యాయుడు కావడానికి ఈ విసుగులేని ప్రశ్నలే కారణమని నా అభిప్రాయం.

అక్కడే ఫుకుషిమా అనే భారీకాయుడైన సీనియర్ ఉండేవాడు. కానో ఎన్నిసార్లు తలపడినా ఓడిపోయేవాడు. సుమో పట్లు వాడి చూశాడు, లాభం లేకపోయింది. చివరికి గ్రంథాలయంలో పాశ్చాత్య కుస్తీ పుస్తకం తిరగేస్తుంటే, మనిషిని భుజాల మీదకెత్తి తిప్పి పడేసే పట్టు కనిపించింది. సాధన చేసి ఫుకుషిమాను పడేశాడు. తర్వాత అదే కత గురుమ పేరుతో జూడోలో చేరింది. జపాన్ సంప్రదాయ విద్యగా మనం చూసే దానిలో విదేశీ పుస్తకంలోంచి వచ్చిన పట్టు ఉందని చాలామందికి తెలియదు.

1879లో ఫుకుదా కన్నుమూశాడు. తర్వాతి గురువు ఇసొ కూడా రెండేళ్లకే పోయాడు. మూడో గురువు ఇయికుబో. పడేయడంలో ఆయన దిట్ట, వయసు యాభై దాటినా కానో ఆయన్ని కదిలించలేకపోయేవాడు. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు సాధనలో ఉన్నట్టుండి కానోదే పైచేయి అయింది, గురువు మళ్లీ మళ్లీ పడ్డాడు. కానో కనిపెట్టింది చిన్న విషయం. గట్టిగా నిలబడ్డవాణ్ని పడేయడం కష్టం. లాగో నెట్టో ముందు వాడి నిలకడ చెడగొడితే పడేయడానికి పెద్ద బలం అక్కర్లేదు. జపాన్ భాషలో దీన్ని కుజుషి అంటారు, కూలదోయడం అని అర్థం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ నాన్నగారో అత్తగారో పడిపోయేది కూడా ఈ సూత్రం ప్రకారమే. మన బరువు పాదాల మధ్య ఉన్నంతసేపు నిలబడతాం, అది దాటితే పడతాం. దాటకుండా కాపలా కాసేవి మూడు: కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ. ఒకటి కుంటుపడితే మిగతా రెండూ సర్దుకుంటాయి. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి అరికాళ్లు మొద్దుబారి ఉండొచ్చు, కంట్లో శుక్లాలూ ఉండొచ్చు. రాత్రి లైటు వేయకుండా బాత్‌రూమ్‌కు నడిస్తే పక్కన ప్రత్యర్థి అక్కర్లేదు, కుజుషి దానంతట అదే జరిగిపోతుంది. దానికి బీపీ మాత్ర వల్ల లేవగానే కళ్లు తిరగడం తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

1882లో టోక్యోలో ఐషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో తొమ్మిదిమంది శిష్యులతో కానో సొంత శాల తెరిచారు. వయసు ఇరవై ఒకటి, అప్పుడే విశ్వవిద్యాలయం చదువు ముగిసింది. శాల పేరు కొడోకాన్, అంటే మార్గాన్ని అధ్యయనం చేసే ఇల్లు. విద్య పేరు కూడా మార్చారు. జుజుత్సులో జు అంటే మెత్తదనం, లొంగి ఉండటం. జుత్సు అంటే నేర్పు, కళ. జు అలాగే ఉంచి జుత్సు తీసేసి, మార్గం అని అర్థమిచ్చే దో చేర్చారు. ఒక్క మాట మార్పే అయినా కొట్లాట నేర్పు కాస్తా జీవితాంతం నడవాల్సిన దారి అయింది. ఆ శాలలో పిల్లలు పడుతుంటే గుడి నేల అదిరి చెక్కలు విరిగేవట. రాత్రిళ్లు కానో లాంతరు పట్టుకొని నేల కిందికి దూరి బాగుచేసేవారని చెప్తారు.

పడటాన్ని వాళ్ల భాషలో ఉకెమి అంటారు. ఈ మాట అర్థం తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది. ఉకె అంటే స్వీకరించడం, మి అంటే శరీరం. పడటం అంటే ఓడిపోవడం కాదు, వచ్చిన దెబ్బను ఒంటితో అందుకోవడం. ఉకెమి కానోకు ముందూ ఉంది. దాన్ని మొదటి పాఠంగా పెట్టి, అందరికీ ఒక పద్ధతిలో నేర్పే ఏర్పాటు చేసింది ఆయన.

ఇందులోని వైద్యం చూడండి. అకస్మాత్తుగా పడేటప్పుడు మనం సహజంగా అరచేయి చాపుతాం. ఒంటి బరువంతా మణికట్టు మీద పడి అది విరుగుతుంది. వెనక్కి పడితే తల వెనకభాగం నేలకు కొట్టుకుంటుంది. పక్కకి పడితే దెబ్బంతా తుంటి మీదే. ఉకెమిలో ఈ మూడింటికీ జవాబుంది. గడ్డాన్ని ఛాతీకి ఆనించి ఉంచాలి, అప్పుడు తల నేలకు తగలదు. వీపును విల్లులా వంచాలి. అరచేయి చాపి ఆపుకోకుండా, వేళ్ల నుంచి చంక దాకా చేతిని మొత్తంగా నేలకు చరచాలి. వీలైతే దొర్లాలి. దెబ్బ ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది, ఎక్కువ సేపటికి పరుచుకుంటుంది, ఏ ఒక్క ఎముక మీదా మొత్తం భారం పడదు. భౌతికశాస్త్రం ఇంతే. కానీ పడే అర సెకనులో ఆలోచించి చేయలేం కాబట్టి వందలసార్లు సాధన చేయించి అలవాటులో కలిపేస్తారు.

ప్రాణం తీసే దెబ్బలను, ప్రమాదకరమైన పట్లను తలపడే సాధనలోంచి కానో తప్పించారు, క్రమబద్ధంగా చేసి చూపే కతాలకు పరిమితం చేశారు. కీళ్లు వంచే పట్లు కాలక్రమంలో మోచేతికే పరిమితమయ్యాయి. ఎదుటివాడు చేత్తో రెండుసార్లు తట్టినా, ఒప్పుకున్నానని చెప్పే మైత్తా అనే మాట అన్నా, ఆ క్షణమే వదిలేయాలి. దీనికి తిరుగు లేదు. మెడ రక్తనాళాలు నొక్కే పట్టులో పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు, కాబట్టి ఈ తట్టడంలో మర్యాదతోపాటు ప్రాణమూ ఉంది. వీడియోల్లో చూసి ఇంట్లో అన్నదమ్ములు ఈ పట్టు వేసుకోవడం మాత్రం ఎంతమాత్రం వద్దు.

బెల్టుల గురించి ఒక మాట. 1883లో కానో ఇద్దరు శిష్యులకు మొదటిసారి షొదాన్ హోదా ఇచ్చారు. మనవాళ్లు బ్లాక్ బెల్ట్ అనగానే అంతా నేర్చేసినట్టే అనుకుంటారు. షొదాన్ అంటే మొదటి మెట్టు అని మాత్రమే అర్థం. అసలు చదువు అప్పుడు మొదలవుతుంది. ఇన్ని రంగుల బెల్టులు తర్వాతి కాలంలో యూరప్‌లో పుట్టుకొచ్చినవి. మూడు నెలలకో రంగు మార్చి, మార్చినప్పుడల్లా ఫీజు అడిగే చోట్లు కనిపిస్తే కొంచెం ఆలోచించుకోండి.

1889లో ప్రభుత్వం విద్యావిధానం అధ్యయనానికి కానోను యూరప్ పంపింది. తిరుగు ప్రయాణంలో ఓడ మీద ఒక రష్యా నౌకాధికారి ఆయనతో బలపరీక్షకు దిగాడని చెప్తారు. భారీ మనిషి, ఎదురుగా ఈ పొట్టివాడు. కానో అతణ్ని ఎత్తి పడేశారు, పడేస్తూనే అతని తల చెక్క మీద కొట్టుకోకుండా చేత్తో పట్టుకున్నారు. ఈ కథ చెప్పేవాళ్లు పడేయడం దగ్గర కళ్లు పెద్దవి చేస్తారు. డాక్టరుగా నాకు ఆ రెండో చేయి గొప్పగా కనిపిస్తుంది.

కానో వృత్తి జూడో కాదు, మాస్టారి ఉద్యోగం. కుమామొతొలో కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు రచయిత లఫ్కాడియో హెర్న్ అక్కడ ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవారు. తర్వాత టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఇరవై ఏళ్లకు పైగా అధిపతి. చైనా విద్యార్థులకు జపాన్ భాష నేర్పేందుకు ఆయన పెట్టిన బడిలోనే, వైద్యం చదవాలని వచ్చిన యువకుడు లూ షున్ భాష నేర్చుకున్నాడు, జూడో కూడా మొదలుపెట్టాడు. చివరికి వైద్యం వదిలేసి చైనా గొప్ప రచయితల్లో ఒకడయ్యాడు. 1893లోనే కానో ఒక మహిళకు జూడో నేర్పడం ప్రారంభించారు, 1926లో కొడోకాన్‌లో మహిళా విభాగం తెరిచారు. ఆ గాలి మన దేశానికీ వీచింది. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానం మీద కొడోకాన్‌లో తర్ఫీదైన తకగకి 1929లో శాంతినికేతన్ వచ్చి జూడో నేర్పారు, నేర్చుకున్నవాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్యసేన్ తల్లి అమితా సేన్ శాంతినికేతన్‌లో చదువుకున్న రోజుల్లో జూడో సాధన చేశారు. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని ఇవాళ్టికీ అడిగేవాళ్లు ఆ సంవత్సరం ఒకసారి గమనించండి.

1909లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో చేరిన తొలి ఆసియావాసి కానో. 1912లో స్టాక్‌హోమ్‌కు జపాన్ తొలి జట్టును తీసుకెళ్లారు, అందులో ఇద్దరే ఆటగాళ్లు. మారథాన్ రోజు ఎండ మండిపోయింది. జపాన్ కుర్రాడు కనకురి మధ్యదారిలో వడదెబ్బకు సొమ్మసిల్లి, దారిపక్క ఒక కుటుంబం ఆదరిస్తే అక్కడే ఆగిపోయాడు. అదే పరుగులో పోర్చుగల్ ఆటగాడు లజారో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. ఎండ తగలకుండా ఒంటికి మైనంలాంటిది పూసుకోవడం వల్ల చెమట బయటికి రాలేదు. మనకు ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ కొత్త కాదు. చెమట ఆరడమే శరీరం చల్లబడే ముఖ్యమైన దారి, దాన్ని మూసేయకూడదు. కనకురి మాత్రం 1967లో స్టాక్‌హోమ్‌కు తిరిగి వెళ్లి ఆ పరుగు పూర్తిచేశాడు. పట్టిన సమయం 54 ఏళ్ల 8 నెలల చిల్లర.

1940 ఒలింపిక్స్‌ను టోక్యోకు తేవడానికి కానో వృద్ధాప్యంలోనూ దేశాలు తిరిగారు. 1938లో కైరో సమావేశం ముగించుకొని అమెరికా ఖండం మీదుగా హికావా మారు అనే ఓడలో తిరిగొస్తూ, యోకొహామా రెండు రోజుల దూరంలో ఉండగా మే 4న న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు 77. పెన్సిలిన్ వాడకంలోకి రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. ఆ ఓడ ఇప్పుడు కూడా యోకొహామా రేవులో మ్యూజియంగా ఉంది. ఆయన పోయిన రెండు నెలలకే యుద్ధం వల్ల జపాన్ ఆ క్రీడలను వదులుకుంది. 1964లో టోక్యోకు ఒలింపిక్స్ వచ్చినప్పుడు జూడోకు మొదటిసారి చోటు దొరికింది. బరువుతో నిమిత్తం లేని విభాగంలో డచ్ ఆటగాడు గీసింక్ జపాన్ ఛాంపియన్‌ను ఓడించాడు.

అంతా బంగారం అని చెప్తే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. 1983 తర్వాతి మూడు దశాబ్దాల్లో జపాన్ బడుల్లో జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. 2012లో మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధవిద్యలు తప్పనిసరి చేసినప్పుడు ఇది పెద్ద వివాదమైంది. మరణాల్లో ఎక్కువభాగం తలకు సంబంధించినవి. మెదడుకూ పైపొరకూ మధ్య వంతెనల్లాంటి సన్నని సిరలుంటాయి. తల ఒక్కసారిగా విసిరినట్టు తిరిగితే, నేలకు కొట్టుకోకపోయినా, అవి తెగి రక్తం గడ్డకట్టవచ్చు. బలి అయినవాళ్లలో చాలామంది కొత్తగా చేరినవాళ్లు. ఉకెమి ఒంటపట్టకముందే పెద్దవాళ్ల చేతుల్లో ఎత్తి వేయించుకున్నవాళ్లు. కానో ముందు పెట్టిన పాఠాన్ని వెనక్కి నెడితే జరిగేది ఇది.

కాబట్టి పిల్లల్ని చేర్చేముందు కోచ్‌ను అడగండి: ఎన్ని వారాలు పడటం మాత్రమే నేర్పుతారు, పరుపులు ఎంత మందం, నా బిడ్డ బరువుకు దగ్గరి జోడీ ఉందా అని. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబడటం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. పూర్తిగా తగ్గి డాక్టరు సరేననేదాకా మళ్లీ ఆడనివ్వకండి.

పెద్దవాళ్ల సంగతి. నెదర్లాండ్స్‌లో, స్వీడన్‌లో వయసు మళ్లినవాళ్లకు జూడో నుంచి తీసుకున్న పడే పద్ధతులు నేర్పుతున్నారు. పక్కకు పడేటప్పుడు చేయి చాపకుండా దొర్లితే తుంటి మీద పడే దెబ్బ పావు వంతుకు పైగా తగ్గుతుందని డచ్ పరిశోధకులు కొలిచారు. అక్కడ నేర్పేది శిక్షణ పొందినవాళ్లు, మందపాటి పరుపుల మీద. మీ అమ్మగారిని హాల్లో నిలబెట్టి ఈ ప్రయోగం చేయకండి, ముఖ్యంగా ఎముకలు గుల్లబారినవాళ్లతో. ఈలోపు బాత్‌రూమ్ గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించండి, మంచం పక్కన రాత్రి లైటు ఉంచండి, వాళ్లు వాడే నిద్రమాత్రల పేర్లు ఈసారి డాక్టరుకు చూపించండి.